రెండుసార్లు చచ్చిన బోర్డు

ఈ ల్యాప్‌టాప్‌ను నేను ఒకసారి బాగుచేసి ఇచ్చాను. పదకొండో రోజున అది మళ్లీ నా బల్ల మీదకొచ్చింది. కొత్తగా వచ్చిన డెడ్ బోర్డు ముందు ఎవరైనా ధైర్యంగానే కూర్చుంటారు. మన చేతుల మీదుగా వెళ్లి తిరిగొచ్చిన దాని ముందు కూర్చోవాలంటేనే టెన్షన్. మొదటిసారి నేను మార్చిన పార్టులు సరైనవే. అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగలేదు, కొలవాల్సిన చోటు ఒకటి కొలవలేదు. ఈ పని చేసే కుర్రాళ్లకు పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

నా షాపు శ్రీకాకుళంలో, పాలకొండ రోడ్డు పక్క సందులో, మేడ మీద. ల్యాప్‌టాప్ తెచ్చిన పెద్దాయనది కళింగపట్నం పక్కన పల్లె. వంశధార సముద్రంలో కలిసే చోటుకి దగ్గర. ఊళ్లో చిన్న కిరాణా కొట్టు నడుపుతాడు. కూతురు ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. అప్పటికే దాన్ని వేరే ఊళ్లో ఒక షాపులో చూపించారు. మదర్‌బోర్డు పోయింది, మార్చాలంటే పదహారు వేలవుతుందని చెప్పి పంపేశారట.

"పదారు వేలెట్టి పాతదానికి బోర్డెయ్యడం కన్నా కొత్తదే కొనీమంటన్నారు బాబూ. గుంట నిన్నటేల నుంచీ ఏడుస్తన్నాది. పాజెట్టంతా దాన్లోనే ఉన్నాదట. ఓపాలి సూడు," అన్నాడాయన.

"బోర్డు పోయినా ఫైళ్లు పోవు బాబాయ్, అవి వేరే చోట ఉంటాయి," అని ముందు ఆ భయం తీర్చాను. వెనక మూత విప్పి, ఎస్‌ఎస్‌డీ తీసి, దానికి లాక్ ఏమీ లేదు కాబట్టి నా మెషీన్‌కి తగిలించి ప్రాజెక్టు ఫోల్డరు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. నా మటుకు ఏ రిపేరుకైనా మొదటి మెట్టు ఇదే. కస్టమరు కుదుటపడితే మనకీ తొందర తగ్గుతుంది. తొందరలో పెట్టిన హాట్ ఎయిర్ (సోల్డర్ కరిగించే వేడిగాలి) ఎన్ని బోర్డులు తినేసిందో ఈ వీధిలో అందరికీ తెలుసు.

మెషీన్ ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసరుది, 15 అంగుళాల తెర. పవర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఛార్జరు పిన్ను పెట్టగానే అడాప్టరు మీది లైటు ఆరిపోతోంది, తీస్తే మళ్లీ వెలుగుతోంది. అంటే అడాప్టరు అవతల షార్టుని (కరెంటు తిన్నగా గ్రౌండులోకి పోయే అడ్డదారిని) చూసి తన్ను తాను కాపాడుకుంటోంది. ప్రాసెసరు, బయోస్, ర్యామ్ గురించి ఇప్పుడే ఆలోచించక్కర్లేదని కూడా ఆ లైటే చెప్పేసింది. కరెంటు గుమ్మం దాటనప్పుడు లోపలి గదుల సంగతి తర్వాత.

బోర్డు బయటికి తీస్తే జాక్ కనెక్టరు చుట్టూ పచ్చగా, అక్కడక్కడా తెల్లగా పొడిలా పట్టి ఉంది. సముద్రానికి దగ్గరున్న ఊళ్ల నుంచి వచ్చే బోర్డుల్లో ఇది మామూలే. కిటికీ గ్రిల్సుని తినే గాలి బోర్డుని వదలదు కదా. ఛార్జింగ్ సెక్షన్ దగ్గర ఎవరో ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటడానికి పూసే పదార్థం) పూసి వేడి పెట్టిన జాడ కూడా ఉంది. ముందు చూసిన షాపువాళ్లు ప్రయత్నించి వదిలేసినట్టున్నారు.

షార్టు దొరికింది

జాక్ నుంచి వచ్చే 19 వోల్టులు నేరుగా బోర్డంతా పాకిపోవు. దారిలో రెండు మాస్‌ఫెట్లు, అంటే కరెంటుకి గేట్లలాంటి ఎలక్ట్రానిక్ స్విచ్‌లు, కాపలా ఉంటాయి. రెండింటినీ ఎదురెదురు దిశల్లో బిగిస్తారు. మొదటిది అడాప్టరు కరెంటుని అనుమతి లేకుండా లోపలికి రానివ్వదు. రెండోది బ్యాటరీ కరెంటుని వెనక్కి జాక్ వైపు పోనివ్వదు. ఆ రెండు గేట్లూ తెరిచేది ఛార్జింగ్ ఐసీ, అంటే ఛార్జింగ్‌ని నడిపే చిప్పు. ఈ బోర్డులో అది బీక్యూ24780ఎస్. రెండో మాస్‌ఫెట్ దాటితే ఎంత కరెంటు పోతోందో కొలవడానికి పెట్టిన 10 మిల్లీఓమ్‌ల సెన్స్ రెసిస్టరు, అదీ దాటితే మెయిన్ లైను. అక్కణ్నుంచే 3 వోల్టులు, 5 వోల్టులు, ర్యామ్, ప్రాసెసరు సెక్షన్లన్నీ నీళ్ల ట్యాంకు నుంచి కొళాయిల్లా విడిపోతాయి.

బ్యాటరీ కనెక్టరు ఊడదీసి మల్టీమీటర్ పెట్టాను. మెయిన్ లైనుకీ గ్రౌండుకీ మధ్య 1.4 ఓమ్‌లు. బాగున్న బోర్డులో ఇక్కడ కిలో ఓమ్‌ల లెక్క రావాలి. మొదటి మాస్‌ఫెట్ అటూ ఇటూ ముట్టిస్తే బీప్ కొట్టింది, అంటే అది లోపల అతుక్కుపోయింది. రెండోది బాగానే ఉంది. కాపలావాడు పోయాడు కాబట్టి అడాప్టరు కరెంటు అడ్డూ ఆపూ లేకుండా వెళ్లి మెయిన్ లైను షార్టులో పడుతోంది. లైటు ఎందుకు ఆరుతోందో లెక్క సరిపోయింది.

ఇక్కడ నేను చాలాసేపు ఆగే చోటు ఒకటుంది. షార్టున్న లైనులోకి బయటి నుంచి తక్కువ వోల్టేజి ఎక్కించి ఏది వేడెక్కుతుందో చూడటం ఇప్పుడు అందరూ చేస్తున్న పద్ధతే. కానీ ఎక్కించే ముందు ప్రతి కాయిల్ (ఒక్కో సెక్షన్‌కి వోల్టేజి తగ్గించి పంపే చోట ఉండే తీగచుట్ట) దగ్గరా, మెయిన్ లైను వైపున్న పై మాస్‌ఫెట్ బాగుందో లేదో చూసుకోవాలి. ప్రాసెసరు కాయిల్ పై మాస్‌ఫెట్ షార్టయి ఉంటే, మెయిన్ లైనులో మనం ఎక్కించినదంతా తిన్నగా ప్రాసెసరులోకి పోతుంది. అది బతికేది వోల్టు అటూ ఇటూ మీద. అప్పటిదాకా బతికున్నదాన్ని మన చేత్తో చంపినట్టవుతుంది. మెయిన్ లైను నుంచి ఒక్కో కాయిల్‌కీ కొలిచాను. ఎక్కడా సున్నా రాలేదు. ప్రాసెసరు కాయిల్ నుంచి గ్రౌండుకి కొన్ని ఓమ్‌లే చూపించింది. దాన్ని చూసి షార్టనుకోకూడదు, అది ఆ లైను సహజం. ఈ ఒక్క రీడింగు తెలియక ప్రాసెసరు పోయిందని తీర్పు చెప్పేసిన బోర్డులు నా దగ్గరికి నెలకొకటైనా వస్తాయి.

బెంచ్ సప్లైని (వోల్టేజి, కరెంటు మనకు కావాల్సినంత పెట్టుకునే పవర్ సప్లై) 1 వోల్టుకి, 3 ఆంపియర్ల లిమిటుకి పెట్టి మెయిన్ లైనుకి ఎక్కించాను. 0.7 ఆంపియర్ల దాకా లాగింది. బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పల్చగా పోస్తే, ప్రాసెసరు సెక్షన్ ముందున్న నాలుగు కెపాసిటర్లలో ఒకదాని మీద కళ్ల ముందే ఆరిపోయింది. చుట్టూ తడి ఉండగా అదొక్కటీ పొడిగా, తెల్లగా తేలింది. 25 వోల్టుల 10 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరు. తీసేశాక మెయిన్ లైను రీడింగు వందల కిలో ఓమ్‌లకు లేచింది.

నాలుగింట్లో ఒకటి లేకపోయినా బోర్డు ఆన్ అవుతుంది కదా, వదిలేయవచ్చు కదా అంటారు కొందరు. అవుతుంది. కానీ ఆ నాలుగూ పంచుకుంటున్న భారం మూడింటి మీద పడుతుంది. స్క్రాప్ బోర్డు నుంచి అదే సైజు, అదే వోల్టేజి ఉన్నదాన్ని తీసి పెట్టాను. మొదటి మాస్‌ఫెట్ కూడా అక్కడిదే, 30 వోల్టుల రకం. కంపెనీ వేసిన లెడ్ లేని సోల్డర్ 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అందుకని తీసే ముందు కాళ్లకు పాత రకం లెడ్ సోల్డర్ కొంచెం కలుపుతాను. అది 183 దగ్గరే కరుగుతుంది కాబట్టి రెండూ కలిసి తక్కువ వేడికే వదిలేస్తాయి, పక్కనున్న ప్లాస్టిక్ కనెక్టరు బతుకుతుంది.

బెంచ్ సప్లై నుంచి 19 వోల్టులు ఇస్తే స్టాండ్‌బైలో 0.03 ఆంపియర్లు. బటన్ నొక్కగానే 0.3, తర్వాత 0.8, ఆ పైన ఎక్కుతూ దిగుతూ ఒకటి దాటింది. ముల్లు అలా ఎక్కుతూ దిగుతూ ఉందంటే ప్రాసెసరు పని మొదలెట్టిందన్నమాట. తెర వచ్చింది. నా అడాప్టరు పెట్టి, బ్యాటరీ ఛార్జవుతుందో లేదో చూసి, నాలుగు గంటలు లోడు మీద నడిపాను. పిన్ను అటూ ఇటూ ఊపి చూశాను, ఛార్జింగ్ తెగలేదు. పచ్చగా ఉన్న చోట స్పిరిట్‌తో బ్రష్ చేసి, మూత బిగించి, 2,800 తీసుకుని ఇచ్చేశాను. ఆయన వంద రూపాయలు ఎక్కువే ఇవ్వబోయాడు.

పదకొండో రోజు

ఈసారి తండ్రితో పాటు అమ్మాయి కూడా వచ్చింది. పెద్దాయన గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

"ఏటి బాబూ, మొన్నే కదా బాగైనాది. మళ్లీ ఇలగైపోనాది?"

"నేను ఏమీ చేయలేదన్నా. రాత్రి ఛార్జింగ్ పెట్టా, పొద్దున్నకి బ్యాటరీ అలాగే ఉంది. ఇంకో గంటకి ఆగిపోయింది," అంది అమ్మాయి.

లక్షణం మారింది. అడాప్టరు లైటు ఇప్పుడు ఆరడం లేదు. కానీ బోర్డు చుక్క కరెంటు కూడా తీసుకోవడం లేదు. బెంచ్ సప్లై మీద 0.00. మెయిన్ లైనులో షార్టు లేదు. నేను పెట్టిన మాస్‌ఫెట్ బాగానే ఉంది, నేను పెట్టిన కెపాసిటరూ బాగానే ఉంది. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్న మాట నిజం. మన పని పాడవలేదు అన్న ఆ ఊరట మంచిది కాదని తర్వాత తెలిసింది. కస్టమరుకి పోయింది ల్యాప్‌టాప్, అందులో ఏ పార్టు అన్నది మన గొడవ.

ఛార్జింగ్ ఐసీ గేట్లు ఎందుకు తెరవడం లేదో చూడాలి. అది గేటు తెరవడానికి రెండు షరతులు పెడుతుంది. వీసీసీ పిన్నుకి అడాప్టరు వోల్టేజి అందాలి. ఏసీడెట్ పిన్ను మీద 2.4 వోల్టులు దాటాలి. ఆ ఏసీడెట్‌కి రెండు రెసిస్టర్లు అడాప్టరు వోల్టేజిని భాగం చేసి పంపుతాయి. వచ్చింది సరైన అడాప్టరా, అరకొర వోల్టేజా అని ఐసీ తెలుసుకునేది దాని ద్వారానే. కొలిస్తే వీసీసీ దగ్గర 19 ఉంది, ఏసీడెట్ 2.6 ఉంది. షరతులు రెండూ తీరాయి. తీరితే ఐసీ తన లోపల తయారుచేసుకునే 6 వోల్టుల రెగ్‌ఎన్ లైను రావాలి. అక్కడ సున్నా.

రెగ్‌ఎన్ నుంచి గ్రౌండుకి 8 ఓమ్‌లు. ఐసీ మీద పడే ముందు ఆ లైను మీదున్న చిన్న కెపాసిటరు లేపి చూశాను. అయినా 8 ఓమ్‌లే. అంటే లోపం ఐసీ కడుపులోనే. మొదటిసారి మాస్‌ఫెట్, కెపాసిటరు. ఇప్పుడు ఐసీ. ముగ్గురూ ఒకే వీధివాళ్లు.

ఇక్కడ ఐసీ మార్చేసి, ఇది వేరే ఫాల్టు అని బిల్లు రాసి ఇచ్చేయొచ్చు. చాలామంది అదే చేస్తారు, నేనూ గతంలో చేశాను. కానీ ఈ మూడూ ఎన్ని వోల్టులు తట్టుకుంటాయో, ఆ రేటింగులు పక్కపక్కన రాసుకుంటే ఒకటి కనబడింది. మాస్‌ఫెట్ 30 వోల్టుల రకం. కెపాసిటరు 25 వోల్టులది. ఐసీ అడాప్టరు వైపు పిన్నులు ఓర్చుకోగలిగే గరిష్ఠం కూడా 30 వోల్టులే. పోయినవన్నీ వోల్టేజి ఎక్కువై పోయే జాతి. అడాప్టరు కొలిస్తే నిక్కచ్చిగా 19.5 ఇస్తోంది. మరి 30 ఎక్కణ్నుంచి వస్తోంది?

నా బల్ల అలవాటు

అమ్మాయినే అడిగాను. "ఇంట్లో ఛార్జింగ్ ఎలా పెడతావమ్మా? ఏ స్విచ్ ముందు, ఏది వెనక, ఉన్నదున్నట్టు చెప్పు."

ప్లగ్గు బాక్సు మంచం వెనక ఉందట. చెయ్యి అందదు. అందుకని అడాప్టరు ఇరవై నాలుగ్గంటలూ ఆన్‌లోనే ఉంటుంది. కావాల్సినప్పుడు ల్యాప్‌టాప్ దగ్గరే పిన్ను పెడుతుంది, తీస్తుంది. "పెట్టినప్పుడు టప్‌మని చిన్న మెరుపొస్తుందన్నా. అది మామూలే కదా?" అంది.

నేను ఆ పని ఎప్పుడూ చేయను. ఇరవై ఏళ్ల అలవాటు నాది: ముందు పిన్ను పెట్టి, ఆ తర్వాత గోడ స్విచ్ వేస్తాను. బెంచ్ సప్లై అయినా అంతే, వైర్లు తగిలించాక అవుట్‌పుట్ ఆన్ చేస్తాను. అలా వేసినప్పుడు వోల్టేజి సున్నా నుంచి మెల్లగా లేస్తుంది. నా మంచి అలవాటే ఈ బోర్డు జబ్బుని నాలుగు గంటల టెస్టింగులోనూ నాకు కనబడనీయలేదు. పైగా నేను పరీక్షించింది నా అడాప్టరుతో. వాళ్లది ఆ రోజు సంచీలోంచి బయటికే రాలేదు. ఇప్పుడు తీసి చూస్తే దాని పిన్ను లోపలి రేకు వదులై, జాక్‌లో పెడితే గలగలలాడుతోంది.

ఆన్‌లో ఉన్న అడాప్టరు పిన్ను ఒక్కసారిగా తగిలితే ఏమవుతుందంటే, అడాప్టరు నుంచి జాక్ దాకా ఉన్న ఆ పొడవాటి వైరుకి కొంత ఇండక్టెన్స్, అంటే పారుతున్న కరెంటుని ఒక్కసారిగా ఆగనివ్వని గుణం, ఉంటుంది. జాక్ దాటాక బోర్డు మీద ఖాళీ సిరామిక్ కెపాసిటర్లు కాచుకుని ఉంటాయి. సిరామిక్ వాటికి సొంత నిరోధం దాదాపు ఉండదు కాబట్టి కరెంటు విసురుగా దూసుకొస్తుంది. కెపాసిటరు 19.5 దగ్గరికి నిండే సరికి వైరులో పరుగు ఇంకా ఆగి ఉండదు, ఆ ఊపుకి వోల్టేజి పైకి ఎగబాకి, మళ్లీ కిందికి పడి, ఊగి ఊగి సర్దుకుంటుంది. అడ్డేమీ లేకపోతే ఆ మొదటి ఎగురుడు ఇన్‌పుట్‌కి దాదాపు రెట్టింపు దాకా వెళ్లగలదు. 19.5కి రెట్టింపు 39. వదులు పిన్ను అయితే ఒక్కసారి పెట్టినా లోపల నాలుగైదుసార్లు తగిలి ఊడి తగులుతుంది.

బోర్డు డిజైన్ చేసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే జాక్ దగ్గర, అడాప్టరు లైను నుంచి గ్రౌండుకి, కొన్ని ఓమ్‌ల రెసిస్టరు ఒకటీ రెండు మైక్రోఫారడ్‌ల కెపాసిటరు ఒకటీ వరసగా కలిపి పెడతారు. ఛార్జింగ్ ఐసీ డేటాషీట్లలోనే ఇలా పెట్టమని రాసి ఉంటుంది. దాని పని బస్సుకి షాక్ అబ్సార్బరు చేసే పనే. షాక్ అబ్సార్బరు పోయినంత మాత్రాన బస్సు ఆగదు. నడుస్తూనే ఉంటుంది. కమాను కట్టలు విరిగినప్పుడు గానీ ఎవరూ కిందికి వంగి చూడరు.

స్కీమాటిక్ (బోర్డు సర్క్యూట్ పటం) తీసి ఆ జంటని వెతికి, బోర్డ్‌వ్యూలో (ఏ పార్టు ఎక్కడుందో చూపే పటంలో) చోటు పట్టుకుని, మైక్రోస్కోప్ కింద పెట్టాను. సరిగ్గా ఆ పచ్చటి మురికి మధ్యలో ఉంది. రెసిస్టరుకి ఒక చివర టెర్మినల్ నల్లబడి, ఆకుపచ్చ పెచ్చు కట్టి, ఒంటి నుంచి వెంట్రుకంత ఎడంగా విడిపోయింది. రెండు చివర్లా మీటరు ప్రోబ్ పెడితే ఓపెన్, అంటే దారి తెగిపోయింది.

మొదటిసారి ఎందుకు దొరకలేదంటే, అడాప్టరు లైను మీద ఒక ప్రోబ్, గ్రౌండు మీద ఒక ప్రోబ్ పెట్టే మన మామూలు పరీక్షలో ఇది ఎప్పటికీ దొరకదు. రెసిస్టరు వెనక కెపాసిటరు ఉంది కాబట్టి, బాగున్నా పాడైనా మల్టీమీటరుకి ఒకేలా కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే రెసిస్టరు రెండు చివర్ల మధ్యే కొలవాలి. బోర్డు ఆన్ అవ్వడానికి దాని అవసరం లేదు, ఛార్జవ్వడానికీ లేదు.

నమ్మకం కోసం ఒక కొలత

అనుమానం బలంగానే ఉన్నా కళ్లతో చూడాలనిపించింది. పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసే స్నేహితుడు ఒక సాయంత్రానికి ఆసిలోస్కోప్ (వోల్టేజి క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీసి చూపేది) పట్టుకొచ్చాడు. ఛార్జింగ్ ఐసీనీ మొదటి మాస్‌ఫెట్‌నీ అప్పటికే తీసేసి ఉంచాను, పరీక్ష పేరుతో ఇంకో రెండు పార్టులు తగలబెట్టడం ఇష్టం లేక. ప్రోబ్ జాక్ లైను మీద పెట్టి, సింగిల్ షాట్‌లో (ఒక్క దెబ్బని పట్టి తెర మీద నిలిపే పద్ధతిలో) ఉంచి, అమ్మాయి చేతే పిన్ను పెట్టించాను. ఇంట్లో పెట్టినట్టే పెట్టమన్నాను.

మొదటిసారి శిఖరం 34 వోల్టులు. రెండోసారి 37. మూడోసారి పిన్ను కొంచెం ఒరిగి లోపలికి వెళ్లింది, తెర మీద ఒకదాని వెనక ఒకటి మూడు శిఖరాలు. అంతా కలిపి కొన్ని పదుల మైక్రోసెకన్ల ముచ్చట. మల్టీమీటరు చూస్తే మటుకు అమాయకంగా 19.5 అని నిలబడి ఉంది.

పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కుని తెర చూశాడు. "ఆ కొండలాగ లేసిందే, అదేనా దొంగ?" అన్నాడు.

"అదే బాబాయ్. కొండ ఎక్కకుండా ఆపేవాడు ఇక్కడ చచ్చిపోయాడు," అని మైక్రోస్కోప్ కింద రెసిస్టరు చూపించాను.

ఖరీదెంతన్నాడు. రెండు రూపాయలుండొచ్చన్నాను. ఆయన నవ్వలేదు. కిరాణా కొట్టువాడు కదా, రెండు రూపాయల విలువ నాకంటే ఎక్కువ తెలుసు.

జరిగింది ఇప్పుడు వరసగా చెప్పొచ్చు. ఉప్పుగాలికి రెసిస్టరు టెర్మినల్ తినేసింది. పిన్ను పెట్టిన ప్రతిసారీ ఎగురుడు మొదటి మాస్‌ఫెట్‌కి తగులుతూ తగులుతూ ఒకరోజు దాన్ని షార్టు చేసింది. కాపలా పోయాక అదే ఎగురుడు తిన్నగా మెయిన్ లైనులోకి వెళ్లి, అక్కడి 25 వోల్టుల కెపాసిటర్లలో బలహీనమైనదాన్ని చంపింది. నేను ఆ రెండూ మార్చాను. ఆ దెబ్బలన్నీ తింటూ వచ్చిన ఐసీ ఇంకో పదకొండు రోజులు లాగి పడిపోయింది.

రెండో రిపేరు

ముందు శుభ్రం చేయడం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం వైపు నుంచి తడిసిన ల్యాప్‌టాప్‌లు కుప్పలుగా వచ్చాయి. అప్పట్లో అందరిలాగే స్పిరిట్‌తో తుడిచి ఇచ్చేవాణ్ని. అందులో చాలా వరకు మళ్లీ తిరిగొచ్చాయి. జిడ్డూ ఫ్లక్సూ ఆల్కహాల్‌కి పోతాయి గానీ ఉప్పు దానిలో సరిగా కరగదు. ఉప్పుకి నీళ్లే కావాలి. ఈ సంగతి అప్పుడే నేర్చుకుని కూడా, మొదటిసారి ఈ బోర్డు మీద స్పిరిట్ బ్రష్ ఒక్కటే తిప్పాను. ఈసారి గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌తో ఆ మూల అంతా మెత్తటి బ్రష్‌తో కడిగి, తర్వాత ఆల్కహాల్‌తో నీటిని తరిమేసి, 60 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఆరబెట్టాను. కొళాయి నీళ్లు మటుకు వాడకూడదు, దాన్లో ఉన్న లవణాలు బోర్డుకి అప్పజెప్పినట్టవుతుంది.

పాత రెసిస్టరు వేలితో తోస్తే ఊడొచ్చింది. దాని కింద ప్యాడ్ ఒకటి నల్లబడి ఉంది. మెరిసేదాకా గీకి, కొత్తగా సోల్డర్ పట్టించి, స్క్రాప్ బోర్డు నుంచి అదే సైజు రెసిస్టరు పెట్టాను. సైజు తగ్గించకూడదు. పిన్ను పెట్టిన ఆ క్షణంలో అది మింగే దెబ్బ చిన్నది కాదు. పక్కనున్న కెపాసిటరు విడిగా తీసి విలువ కొలిచాను, బాగానే ఉంది. అయినా మార్చాను. ఆ మూలలో దేన్నీ నమ్మే స్థితిలో లేను.

ఛార్జింగ్ ఐసీ 4 మిల్లీమీటర్ల చదరం, 28 పిన్నులు, కాళ్లు బయటికి కనబడవు, కడుపు కింద గ్రౌండు ప్యాడ్. ఆ ప్యాడ్ బోర్డు లోపలి రాగి పొరలకు అతికి ఉంటుంది కాబట్టి పైనుంచి ఎంత వేడి ఊదినా కిందికి లాగేసుకుంటుంది. తొందరపడి ఎయిర్ పెంచితే పక్కవి ఎగిరిపోతాయి. కింద ప్రీహీటర్‌తో బోర్డుని 120 దాకా తీసుకెళ్లి, కనెక్టర్లకు వేడి తట్టుకునే కాప్టన్ టేపు వేసి, 370 దగ్గర నిదానంగా తిప్పాను. కొత్త ఐసీలు రెండు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి ఆర్టీసీ పార్సిల్‌లో తెప్పించాను. మొదటిది పెడితే రెగ్‌ఎన్ 6 వోల్టులు వచ్చింది, మెషీన్ అడాప్టరు మీద ఆన్ అయింది, బ్యాటరీ మటుకు ఛార్జవలేదు. సెన్స్ రెసిస్టర్లన్నీ మళ్లీ కొలుచుకుంటూ గంటన్నర పోయింది. చివరికి లెన్సులో ఆ ఐసీ పై అక్షరాలు చూస్తే పాత గుర్తు గీకేసి కొత్తగా అచ్చేసిన చిప్పు. రెండోది పెట్టే ధైర్యం చేయలేదు. నా స్క్రాప్ పెట్టెలో ప్రాసెసరు పగిలిన బోర్డు ఒకటుంటే దాని మీది ఐసీ తీసి పెట్టాను. ఛార్జింగ్ వచ్చింది. కొత్తదనే పేరున్న చిప్పు కంటే, ఎందుకు చచ్చిందో తెలిసిన పాత బోర్డు మీది చిప్పునే నేను నమ్ముతాను.

మాస్‌ఫెట్‌ని కూడా ఊరుకోలేదు. పదకొండు రోజులు ఆ దెబ్బలు తిన్నదే కదా, కొలతలో బాగున్నా పక్కన పెట్టి వేరేది వేశాను.

మళ్లీ స్కోప్. అదే అడాప్టరు, అదే వదులు పిన్ను, అదే అమ్మాయి చెయ్యి. శిఖరం 24 వోల్టులు. పదిసార్లు పెట్టించాను, 25 దాటలేదు. కొండ కాస్తా గట్టు అయింది. ఆ పైన వాళ్ల అడాప్టరు పక్కన పడేసి సరైన వాటేజిది కొత్తది ఇచ్చి, స్విచ్ ఆన్‌లోనే ఉంచి రెండు రోజుల్లో యాభై సార్లు పైగా పిన్ను పెట్టి తీశాను. నా చెయ్యి ప్రతిసారీ అలవాటుగా గోడ స్విచ్ వైపే పోయేది. షాపులో కుర్రాడు నవ్వుకున్నాడు. చివర్న ఆ మూలకి ఉప్పుగాలి తగలకుండా పల్చగా కోటింగ్ వేసి మూత బిగించాను. ఫ్యాను దగ్గర, కనెక్టర్ల లోపల పడకుండా చూసుకోవాలి, లేకపోతే ఇంకో రిపేరు మనమే పుట్టించినట్టు.

అడాప్టరుకి తొమ్మిది వందలు తీసుకున్నాను. పనికి ఏమీ తీసుకోలేదు. పెద్దాయన ఒప్పుకోలేదు, "నీ కూలి నీకు రావాల కదా," అన్నాడు. మొదటిసారి తీసుకున్న కూలిలోనే ఇదీ ఉండాల్సింది అని చెప్పి పంపాను. మంచం వెనక ప్లగ్గు సంగతి కూడా చెప్పాను. స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి ముందుకి లాక్కోమన్నాను.

వాళ్లు వెళ్లాక అటక మీద "కుదరదు" అని రాసి పెట్టిన డబ్బా దింపాను. ఇదే తరహా ఛార్జింగ్ సెక్షన్ ఉన్న బోర్డులు మూడున్నాయి, మూడింటికీ ఒకప్పుడు నేనే మాస్‌ఫెట్లు మార్చాను. జాక్ పక్క రెసిస్టరు రెండు చివర్లా ప్రోబ్ పెట్టాను. ఒకదానిలో బాగుంది. ఒకదానిలో ఓపెన్. మూడోదానిలో రెసిస్టరే లేదు, ప్యాడ్లు రెండూ ఖాళీగా, శుభ్రంగా ఉన్నాయి. అలా తీసే చెయ్యి నాకు తెలుసు. ఎప్పుడో వేరే బోర్డుకి కావాల్సి వచ్చి, ఇది లేకపోయినా నడుస్తుందిలే అని తీసుంటాను.

నెల తర్వాత అమ్మాయి ఫోన్ చేసింది. ల్యాప్‌టాప్ బాగుందట, ప్రాజెక్టు అయిపోయిందట. ఒకటే గొడవట: వాళ్ల నాన్న ఇప్పుడు ఇంట్లో ఎవరు ఏ పిన్ను పెట్టినా ముందు స్విచ్ ఆపమని కేకలేస్తున్నాడట, ఆఖరికి మిక్సీకి కూడా.